‘సెట్టు’ అనే పిల్లాడికి ‘చ’ ఎలా వస్తుంది?

చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో చెట్టును ‘సెట్టు’ అంటారు. చెరువు ‘సెరువు’. లేదు అనాలంటే ‘నేదు’. వంకాయ ‘ఒంకాయ’. ఏమిటి అని అడగాలంటే ఒక్కటే మాట... ‘ఏటి’. ఆ ఇంట్లో పుట్టిన పిల్లాడు అయిదేళ్లపాటు ఆ మాటలతోనే అన్నం అడుగుతాడు, అలుగుతాడు, మామ్మ ఒళ్లో పడుకుని కథలు వింటాడు. వీధిలో గోళీలాడే గుంటలందరివీ అవే మాటలు. ఇక జూన్‌లో ఓ పొద్దున్న వాణ్ని తీసుకెళ్లి ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. గోడమీద రంగురంగుల చార్టు ఉంటుంది. ‘చ’ పక్కన చెట్టు బొమ్మ. ‘వ’ పక్కన వంకాయ బొమ్మ.

‘ఏరా, ఇదేంటో చెప్పు’ అంటారు టీచరు. వాడు హుషారుగా ‘సెట్టు’ అంటాడు. ‘అయితే మొదటి అక్షరం ఏది?’ అంటే ‘స’ అంటాడు. తరగతి గొల్లుమంటుంది. వాడు కూర్చుంటాడు.

వాడు చెప్పింది తప్పా? కాస్త ఆగి ఆలోచిస్తే, వాడి చెవి వాణ్ని మోసం చేయలేదు. తను పలికిన మాటను ముక్కలు చేసి, మొదటి ముక్క ఏదో సరిగ్గా పట్టుకున్నాడు. చదువులో మొట్టమొదట రావాల్సిన విద్య అదే! అది వచ్చిన పిల్లాణ్ని రానివాడి లెక్కలో వేశారు. వారం రోజులు ఇలాగే జరిగితే వాడు నోరు తెరవడం మానేస్తాడు. నెల తిరిగేసరికి ‘వీడు మొద్దండీ’ అనే మాట ఇంటిదాకా వస్తుంది. ఇంట్లోవాళ్లు నమ్ముతారు. కొన్నాళ్లకు వాడూ నమ్ముతాడు.

ఇంతకీ ఆ అయిదేళ్లలో వాడి తలలో ఏం జరిగిందో తెలిస్తే ఎవరూ ఆ మాట అనరు.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు బరువు నాలుగొందల గ్రాములు కూడా ఉండదు. ఆరో ఏడు వచ్చేసరికి పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి చేరుకుంటుంది. ఒళ్లు ఇంకా మూరెడే ఉంటుంది, తలకాయ మాత్రం పెద్దవాళ్లను అందుకుంటుంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానంలోనూ రాశారు. అందుకే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా ఒకటే పునాది దశ అన్నారు.

అయితే బరువు పెరగడం ఒక్కటే విశేషం కాదు. మెదడులోని కణాలు ఒకదానితో ఒకటి చేతులు కలుపుకుంటూ పోవడం అసలు విశేషం. మొదటి కొన్నేళ్లలో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త బంధాలు ఏర్పడతాయని హార్వర్డ్ విశ్వవిద్యాలయ నిపుణుల అంచనా. అవసరానికి మించి ఏర్పడతాయి. ఆ తరవాత వాడినవి బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. వరి కోసేశాక పొలాల్లో చూడండి. ఎటుబడితే అటు నడవచ్చు. నాలుగు రోజులు అందరూ ఒకే వైపు నడిస్తే అక్కడ బాట పడుతుంది. నడవని చోట గడ్డి మొలుస్తుంది. పసిమెదడులోనూ అంతే.

దీనికి తెలుగువాళ్లకు ఇట్టే అర్థమయ్యే రుజువు ఒకటుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్ అనే శాస్త్రవేత్త తన సహచరుడితో కలిసి ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకు హిందీలోని ‘ట’, ‘త’ శబ్దాలు వినిపించారు. ఆ రెంటికీ తేడా ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్లకు ఓ పట్టాన తెలియదు. మన ‘తాత’ను ‘టాటా’ చేసేది అందుకే. చిత్రం ఏమిటంటే, ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పట్టేశారు. ఏడాది నిండబోయే పిల్లలు మాత్రం చాలావరకు పట్టలేకపోయారు! ఇంట్లో వినిపించని శబ్దం కోసం వేసుకున్న దారి నాలుగైదు నెలల్లోనే గడ్డిపట్టిపోయిందన్నమాట. అదే సమయంలో తమ ఇంటి శబ్దాల దారి మాత్రం రాచబాట అవుతుంది.

చీపురుపల్లి పిల్లాడు బడికి వచ్చేనాటికి అలాంటి రాచబాటలు వాడి తలలో సిద్ధంగా ఉంటాయి. వేల మాటలు, వాటి శబ్దాలు, అర్థాలు. ‘సెట్టు’ అనగానే నీడ గుర్తొస్తుంది, మామిడికాయ గుర్తొస్తుంది, ఎక్కి పడ్డ సంగతీ గుర్తొస్తుంది. చదవడం అంటే మరేమీ కాదు, కంటికి కనిపించే గీతను ఈ బాటకు కలపడమే.

మాట్లాడడం మనిషికి పుట్టుకతో వచ్చే సత్తువ. చుట్టూ మాటలు వినిపిస్తే చాలు, ఎవరూ పాఠం చెప్పకపోయినా వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మనుషులు రాతను కనిపెట్టి అయిదు వేల ఏళ్లు దాటిందంతే. మెదడులో దానికోసమంటూ ప్రత్యేకంగా ఒక గది ఏర్పడడానికి ఆ వ్యవధి చాలదు. మరి ఎక్కడ చదువుతున్నాం? ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ ఏళ్ల తరబడి పరిశోధించింది దీనిమీదే. మొహాలనూ వస్తువులనూ గుర్తుపట్టడానికి ఉన్న చోటులో, ఎడమవైపు కాస్త జాగాను అక్షరాలు అద్దెకు తీసుకుంటాయి. తెలుగు చదివినా, చైనా భాష చదివినా, ఇంగ్లీషు చదివినా ఇంచుమించు అదే జాగా. అక్కడినుంచి మాటలుండే చోటికి కొత్తగా తీగ లాగాలి. ఒకటో తరగతి టీచరు రోజూ చేసేది ఈ లైన్‌మన్ పనే. తీగకు ఒక కొస నల్లబల్ల మీద ఉంటుంది. రెండో కొస కట్టాల్సింది పిల్లాడి నోట్లో ఉన్న మాటకు. ‘నీ మాటే తప్పు’ అంటే కట్టడానికి గుంజే లేకుండా పోతుంది.

ఈ తగువు ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. అసలు తెలుగుదేశంలో ఈ తగువు మొదలైందే ఇక్కడ. 1862లో ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు తొలి చదువు చదివింది చీపురుపల్లిలోనే. తండ్రి అప్పుడు ఇక్కడ కొలువులో ఉండేవారు. తరవాత విజయనగరం వెళ్లి బీయే దాకా చదివారు. ఆ మరుసటి ఏడు, 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టారు. ఈ ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు.

1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. చిన్న తరగతుల్లో కూర్చుని చూస్తే ఆయనకో సందేహం వచ్చింది. వీధిలో పిల్లలు ఒకలా మాట్లాడుతున్నారు, పుస్తకంలో మరోలా ఉంది, పంతులుగారు ఆ పుస్తకంలోని తెలుగును మళ్లీ తెలుగులోకి మార్చి చెబుతున్నారు. ఇదేమిటని అడిగారు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఆయనను గురజాడ, గిడుగుల దగ్గరకు పంపారు. వాడుక భాష ఉద్యమం అలా రాజుకుంది. అది కవుల కొట్లాట అని ఇప్పుడు అనుకుంటాం గానీ, నిప్పు అంటుకున్నది చిన్నపిల్లల తరగతి గదిలో! 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. బడిలో చెప్పే భాష, బతికే భాష వేరైతే చదువు జనానికి అందదన్నది ఆయన వాదం. అప్పటికి మెదడును ఫొటో తీసే యంత్రాలు లేవు. పిల్లల మొహాలు చూసే చెప్పారు.

గిడుగువారు ఇంకో అడుగు ముందుకు వేశారు. పర్లాకిమిడిలో మేస్టారుగా పనిచేస్తూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. దానికి రాత లేదు. తనే సవర భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం కూడా అచ్చువేయించారు. తెలుగు పిల్లలకు గ్రాంథికం ఎంత దూరమో, సవర పిల్లలకు తెలుగు అంతకు పదింతలు దూరమని ఆయనకు తెలుసు. ఆ పని సర్కారు చేతికి రావడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, కొండ, గోండి, కొలామి లాంటి ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి వాచకాలు తయారు చేశారు. లిపి తెలుగుదే, మాటలు మాత్రం వాళ్లవి. తీగకు రెండో కొస దొరికింది.

మైదానంలో ఆ సమస్య తీరిపోయిందనుకున్నారు. వాచకాల్లోకి వాడుక భాష వచ్చేసింది కదా! వచ్చింది నిజమే. అయితే ఎవరి వాడుక? కృష్ణ, గోదావరుల నడుమ చదువుకున్నవాళ్ల వాడుక. ‘సెట్టు’ దానికీ పరాయిదే.

అలాగని పిల్లలకు ‘సెట్టు’ అనే రాయించమని ఎవరూ అనరు. పుస్తక భాష రావాలి, రాకపోతే రేపు పరీక్షకూ ఉద్యోగానికీ వాడే నష్టపోతాడు. చేయాల్సింది చాలా చిన్న పని. ‘ఇంటి దగ్గర సెట్టు అంటాం, పుస్తకంలో చెట్టు అని రాస్తాం, రెండూ ఒకటే’ అని చెప్పి ఒకసారి రెండు మాటలూ పలికించడం. పిల్లలకు ఇది ఆట. మామ్మతో ఒకలా, మేస్టారుతో ఒకలా, రైల్లో టీ అమ్మేవాడితో ఇంకోలా మాట్లాడడం వాళ్లకు అప్పటికే వచ్చు. ‘తప్పు’ అనే మాట ఒక్కటి తీసేస్తే చాలు, మిగతాది మెదడు చూసుకుంటుంది.

ఇక అక్షరాల సంగతి. చీపురుపల్లి రైల్వేస్టేషన్ బోర్డు మీద ఊరి పేరు చూడండి. చీ-పు-రు-ప-ల్లి. చప్పట్లు కొడుతూ విడదీయమంటే అయిదేళ్ల పిల్ల అయిదు చప్పట్లు కొట్టేస్తుంది. చెవికి అంత తేలిక. కంటికి? ఆ అయిదింటిలో తలకట్టుతో తిన్నగా ఉన్నది ఒక్క ‘ప’. ‘చీ’ మీద గుడి దీర్ఘం. ‘పు’, ‘రు’లకు కొమ్ములు. ‘ల్లి’ దగ్గరైతే పెద్ద చిక్కే ఉంది. గుడి పైన ఉన్న ‘ల’ మీద పెడతాం. కింద ఒత్తు వేస్తాం. నోటితో పలికేటప్పుడు మాత్రం రెండు ‘ల’లూ అయిపోయాక గానీ ‘ఇ’ రాదు. కంటికి ముందు కనిపించేది నోటికి ఆఖర్న వస్తుంది. చదువు వచ్చినవాళ్లు ఈ వింతను జన్మలో గమనించరు. నేర్చుకునే పిల్లకు అది కొండ. ఆ పిల్ల ‘చీపురుపలి’ అని చదివితే, తెలివితక్కువ వల్ల కాదు. ఒక్క క్షణంలో నాలుగు పనులు చేయబోయి ఒకటి జారవిడిచింది, అంతే.

అక్షరాలను తిరగేసి రాయడం ఇంకోటి. 3 అంకెను అటు తిప్పి రాస్తారు, 6కూ 9కీ తికమక పడతారు. తల్లిదండ్రులు కంగారుపడిపోతారు. నిజానికి అది మెదడు మంచితనం! ఆవు ఇటు తిరిగినా ఆవే, అటు తిరిగినా ఆవే అని మెదడు లక్షల ఏళ్లుగా నేర్చుకుని ఉంది. అక్షరాల దగ్గర మాత్రం ఆ నియమం చెల్లదని కొత్తగా చెప్పాలి. పైగా తెలుగులో ప, ఫ, ష, వ ఒకే పోలికలో ఉంటాయి. చిన్న గీత, చిన్న చుక్కతోనే తేడా. చాలామంది పిల్లల్లో ఈ తికమక ఏడెనిమిదేళ్లకు దానంతటదే సర్దుకుంటుంది. ఆ తరవాత కూడా బలంగా ఉండిపోతే అప్పుడు నిపుణులకు చూపించాలి.

దిద్దించడం మీదా ఓ మాట చెప్పుకోవాలి. వీధిబడుల కాలంలో ఇసుక పోసి వేలితో ఓనమాలు దిద్దించేవారు. చెయ్యి, కన్ను, నోరు మూడూ ఒకేసారి పనిచేసేవి. ఇప్పటి పరిశోధనలు ఆ పద్ధతికి సగం మార్కులు వేస్తున్నాయి. సగం ఎందుకంటే... 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ అయిదేళ్ల పిల్లల మెదళ్లను పరిశీలించారు. కొన్ని అక్షరాలను పిల్లలే చూసి సొంతంగా రాశారు, కొన్నింటిని చుక్కల మీద దిద్దారు, కొన్నింటిని కీబోర్డు మీద నొక్కారు. చేత్తో సొంతంగా రాసిన అక్షరాలను చూసినప్పుడే, చదివేటప్పుడు వెలిగే మెదడు భాగాలు వెలిగాయి. సొంతంగా రాస్తే వంకర పోతుంది, ప్రతిసారీ ఒక్కోలా వస్తుంది. ఇన్ని వంకరలున్నా ఇది ‘అ’ యే అని మెదడు తెలుసుకునేది అక్కడే కావచ్చని వాళ్ల ఊహ. వేలు పట్టుకుని వందసార్లు దిద్దించే బదులు, ఒకసారి చూపించి ఇసుకలోనో పలక మీదో పిల్ల చేతికే వదిలేయడం మేలు.

అయితే అది కూడా ఏ వయసులో? చీపురుపల్లి అనేమిటి, ఇప్పుడు ప్రతి చిన్న టౌనులోనూ మూడేళ్ల పిల్లల చేత నాలుగు గీతల కాపీబుక్కు నింపించే కాన్వెంట్లు ఉన్నాయి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్లకు వాటిలో సగం కూడా గట్టిపడవు, ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఆ చేతికి పెన్సిలిచ్చి రెండు పేజీల హోంవర్కు! ఆ వయసు వేళ్లకు కావలసింది మట్టి ముద్దలు, చింతపిక్కలు, చిక్కుడుకాయల ఈనెలు తీయడం. వామనగుంటల్లో పిక్కలు ఒక్కోటి వేస్తూ పోయే పిల్లకు వేళ్ల పట్టూ వస్తుంది, లెక్కా వస్తుంది. దానికి ఫీజు లేదు కాబట్టి చదువని ఎవరూ అనుకోరు.

ఇంగ్లీషు మాటకొస్తే, ‘కన్యాశుల్కం’లో వెంకటేశం ఇంగ్లీషు విని అతని తల్లి మురిసిపోయిన కాలం నుంచి ఈ మోజు తగ్గింది లేదు. మోజులో న్యాయమూ ఉంది, ఆ భాషకు అన్నం పెట్టే సత్తా ఉంది కనుక. రెండు భాషలు పిల్లల మెదడును తికమక పెడతాయన్న భయం కూడా ఉత్తదే. పైగా 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. భాష ఎక్కువైతే చెరుపు లేదు. చెరుపంతా నోరు మూతపడడంలో ఉంది. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్ల బడిలో రోజంతా ఒక్క మాటా సొంతంగా మాట్లాడలేకపోతే, ఆ ఆరు గంటలూ ఆ మెదడులో ఏ బాటా పడదు. ‘ఎస్ టీచర్’, ‘నో టీచర్’ల మీద బండి ఎంత దూరం నడుస్తుంది?

మాట అంటే వినిపించడం ఒక్కటే కాదు, జవాబు రావడం కూడా. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ శబ్దాలు పట్టుకున్నారు. అదే మనిషిని, అవే మాటలతో టీవీలో చూపిస్తే ఏమీ రాలేదు! అన్నం తింటాడని చేతికి సెల్‌ఫోనిచ్చి కార్టూన్ పెట్టే ఇళ్లన్నీ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంటకు మించి తెర వద్దనీ, ఏడాదిలోపు అసలే వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, ఈ జిల్లాలకు అది అక్కరకొచ్చేది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఎన్నో ఇళ్లలో అమ్మానాన్నా హైదరాబాదులోనో చెన్నైలోనో ఇళ్లు కట్టే పనుల్లో ఉంటారు. పిల్లలు మామ్మ దగ్గర. రాత్రయ్యేసరికి వీడియో కాల్. అదీ తెరే కదా, పనికిరాదా అంటే... పనికొస్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు రెండున్నరేళ్ల పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్వలేదు, ఎదురుగా జవాబిచ్చే వీడియో కాల్ నుంచి నేర్చుకున్నారు. ‘అన్నం తిన్నావా’ అని అడిగి పెట్టేయకుండా, ‘ఇయాల బళ్లో ఏటయింది?’ అని అడిగి, చెప్పేదంతా విని, మళ్లీ ఇంకో ప్రశ్న వేసే తండ్రి ఎంత దూరాన ఉన్నా పిల్లకు దగ్గరే.

తిండి గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, ఒక్క లెక్క చాలు. అయిదేళ్ల వయసులో ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఒక్క మెదడే తినేస్తుంది. పొద్దున్న ఖాళీ కడుపుతో వచ్చిన పిల్ల పదకొండింటికి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, అది పరధ్యానం కాదు, ఆకలి. రాష్ట్రంలో 2003 జనవరిలో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు పొద్దుటి పూట రాగిజావ కూడా మొదలుపెట్టారు. ఉత్తరాంధ్ర మామ్మలు నవ్వుకునే ఉంటారు. వాళ్లు తరతరాలుగా పొద్దున్నే తాగించిన చోడి అంబలి అదే మరి!

భయం సంగతీ అంతే. కోదండం వేయించిన కాలం పోయింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మనసు కష్టపెట్టడాన్నీ రెంటినీ నిషేధించింది. మొదటిది తగ్గింది. రెండోదానికి బెత్తం అక్కర్లేదు, ‘మొద్దు’ అంటే చాలు. భయపడ్డ మెదడు పారిపోయే దారి వెతుకుతుంది, ఎక్కాలు వెతకదు.

మెదడు పేరు చెప్పి వ్యాపారం చేసేవాళ్ల సంగతి కూడా తల్లిదండ్రులకు తెలియాలి. ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ అని, కళ్లకు గంతలు కట్టినా పిల్లలు చదివేస్తారని వేలకు వేలు గుంజే శిక్షణలు ఊళ్లమీద తిరిగాయి. ముక్కు పక్క సందులోంచి చూడడం తప్ప అందులో ఏ విద్యా లేదు. మొజార్ట్ సంగీతం వినిపిస్తే పసిపిల్లలకు తెలివి పెరుగుతుందన్నదీ అలాంటిదే. 1993లో ఆ పరీక్ష చేసింది కాలేజీ విద్యార్థుల మీద, దాని ఫలితం నిలిచింది పావుగంట. అయినా అమెరికాలో జార్జియా రాష్ట్ర గవర్నరు 1998లో పుట్టిన ప్రతి బిడ్డకూ పాటల క్యాసెట్టో సీడీయో ఇవ్వడానికి పూనుకున్నారు. మోజు చీపురుపల్లికే పరిమితం కాదన్నమాట. ఎడమ మెదడు పిల్లలు, కుడి మెదడు పిల్లలు అని విడదీసే పరీక్షలకూ శాస్త్రంలో ఆధారం లేదు.

ఇదంతా చదివి, ‘అయ్యో, మావాడికి ఎనిమిదేళ్లు వచ్చేశాయే’ అని బెంగపడేవాళ్లు ఉంటారు. ఆరేళ్లకే తలుపు మూసుకుపోతుందన్న మాటను పట్టుకుని భయపెట్టేవాళ్లకూ కొదవ లేదు. కొన్ని తలుపులు నిజంగానే తొందరగా మూసుకుంటాయి. పుట్టుకతో కంటి పొర ఉన్న బిడ్డకు ఆపరేషను ఆలస్యమైతే, కన్ను బాగుపడినా చూపు పూర్తిగా రాదు. పరాయి భాష ఉచ్చారణ కూడా కొంతవరకు అంతే. చదవడం మాత్రం అలాంటిది కాదు. లక్నో దగ్గరి పల్లెల్లో అక్షరం ముక్క రాని, సుమారు ముప్ఫై ఏళ్ల వయసున్న ఆడవాళ్లకు ఆర్నెల్లు హిందీ చదవడం నేర్పి మెదడు స్కాన్‌లు తీశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు కూడా ఉన్న ఆ బృందం 2017లో ఫలితం ప్రకటించింది. ఆర్నెల్ల చదువుకే మెదడు లోతుల్లో ఉండే పాత భాగాల్లో సైతం మార్పు కనిపించింది! ముప్ఫై ఏళ్లకు పడే బాట ఎనిమిదేళ్లకు పడదా?

తొందరగా మొదలుపెడితే తక్కువ కష్టంతో అవుతుంది, నిజమే. తమిళనాడులో 320 అంగన్‌వాడీలను తీసుకుని, సగం చోట్ల పిల్లల చదువు కోసమే ఒక కార్యకర్తను అదనంగా వేసి చూశారు. కొత్త భవనాలు లేవు, ట్యాబులు లేవు. ఇంకో మనిషి, అంతే. పిల్లలతో చదువుకు గడిపే సమయం రెట్టింపయింది. మాటలూ లెక్కలూ మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు తీరిక దొరికి పిల్లల పోషణ కూడా బాగుపడింది. జమైకాలో 1986-87లో ఎదుగుదల తగ్గిన పసిపిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, తల్లులకు పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో రెండేళ్లు చూపించారు. ఇరవై ఏళ్ల తరవాత చూస్తే ఆ పిల్లల సంపాదన మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. అక్కడ వాడినవి ఇంట్లో చేసుకున్న బొమ్మలు.

తెలుగు అక్షరాలకు ఎంత సమయం పడుతుందన్నదానికి పక్కింటి భాష నుంచి ఒక జవాబుంది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. గుణింతాలూ ఒత్తులూ అలాగే ఉంటాయి. సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ బడుల్లో పిల్లలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఇంగ్లీషు పిల్లలు 26 అక్షరాలు ఏడాదిలో ముగిస్తే, కన్నడ పిల్లలు నాలుగో తరగతిలో కూడా ఇంకా అక్షరాలు కూడబెట్టుకుంటూనే ఉన్నారు. విడి అక్షరాలు ముందు వచ్చాయి, ఒత్తులు అన్నింటికన్నా ఆఖర్న వచ్చాయి. చీపురుపల్లిలో రెండో తరగతి పిల్ల ‘స్త్రీ’ అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగిపోయిందంటే, ఒక ‘స’, దాని కింద ‘త’, దాని పక్కన ‘ర’, పైన గుడి దీర్ఘం... ఇన్నింటినీ లెక్కపెట్టుకుంటోందన్నమాట. ఆ పిల్లకు ఇంకా రెండేళ్లు టైముంది.